బిడ్డను సాగనంపిన తల్లి – మోనికా



కాలేజీలు తెరచు దినములు వచ్చినప్పుడెల్ల మన సంఘములలో అనేక గృహములు బోసిపోవుచున్నవి. గత సంవత్సరము మేమును మా పెద్ద కుమారుని హాస్టలులో దింపి, బస్సులో తిరిగివచ్చు దారిలో భార్యాభర్తలము ఒకరితో నొకరము మాటలాడలేకపోతిమి. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో వాని పేరు పలుకగానే గొంతు పూడుకొనిపోయెను. ఆ దినములలో మాకు ఆదరణ కలిగించిన ఒక తల్లి జీవితమును ఈ శతవార్షికోత్సవ సంచికలో స్మరించుకొన గోరుచున్నాము.

మోనికా సుమారు క్రీ.శ. 331లో ఉత్తర ఆఫ్రికాలో జన్మించెను. నేటి అల్జీరియా దేశములోనున్న తగాస్తె పట్టణము ఆమె కాపురమున్న ఊరు. భర్త పాట్రీషియస్ కొద్దిపాటి ఆస్తిగలవాడు, ముంగోపి, అప్పటికి క్రైస్తవుడు కాడు. 354లో వారికి అగస్టీను పుట్టెను. పిల్లవాని తెలివిని చూచి తలిదండ్రులు వానిని మదౌరాకు చదువుకు పంపిరి. 16వ యేట డబ్బు చాలక వాడు ఒక సంవత్సరము ఇంటనే ఉండిపోయెను. తుదకు ఆ ఊరి ధనవంతుడైన రోమానియానుస్ సహాయముతో కార్తేజు మహానగరమునకు బయలుదేరెను. కొద్దికాలములోనే, బాప్తిస్మము పొందిన పిమ్మట, పాట్రీషియస్ మరణించెను. ఆ తరువాత కుమారుని చదువునకు విధవరాలైన తల్లి సొమ్మే ఆధారమాయెను.

పాపమునకు దూరముగా నుండుమని మోనికా కుమారుని ఏకాంతమున హెచ్చరించెను. వాడు దానిని ఆడవారి మాటగా త్రోసివేసెను. అయితే పెండ్లి చేసినయెడల చదువు చెడునేమోనని ఆ తల్లియు సందేహించెను. పై చదువు వానిని దేవునియొద్దకు చేర్చునని ఆమె తలంచెను. అగస్టీను తన ఒప్పుకోలు గ్రంథములో ఈ సంగతిని దాచక వ్రాసెను. అది చదివినప్పుడు మేము తల వంచుకొంటిమి. సీటును గూర్చియు ఫీజును గూర్చియు మేము ఎన్నో రాత్రులు లెక్కలు వేసితిమి. వాని ఆత్మను గూర్చి ఎన్ని రాత్రులు మోకరించితిమి?

కార్తేజులో అగస్టీను వివాహము లేకయే ఒక స్త్రీతో కాపురముండి, ఒక కుమారుని కనెను. మానీ మతములో చేరి సుమారు 9 సంవత్సరములు అందులో నుండెను. అతడు సొంత ఊరికి వచ్చినప్పుడు మోనికా మొదట అతనిని తన బల్లయొద్ద కూర్చుండనియ్యలేదు. ఆ తరువాత ఒక కలవలన ధైర్యము పొంది మరల చేర్చుకొనెను. అతనితో వాదించుమని ఒక బిషప్పును కన్నీళ్లతో వేధించగా, ఇంతటి కన్నీటి బిడ్డ నశించుట అసాధ్యమని చెప్పి ఆయన ఆమెను పంపివేసెను.

383లో అగస్టీను రోమునకు పోవ నిశ్చయించెను. తల్లి సముద్రతీరమువరకు వెంబడించి విడువకపోగా, స్నేహితుని సాగనంపి వచ్చెదనని అబద్ధమాడి, ఆమె సిప్రియాను స్మారక మందిరములో ప్రార్థించుచుండగా రాత్రివేళ ఓడనెక్కి వెళ్లిపోయెను. తెల్లవారిన తరువాత ఆ తల్లి తీరమున నిలిచి దుఃఖించెను. కుమారుడు వెళ్లకుండవలెనని ఆమె ఆ రాత్రి అడిగెను. దేవుడు ఆ మనవిని త్రోసివేసెను. కాని ఆమె అనేక సంవత్సరములుగా అడుగుచున్న దానిని ఆ ప్రయాణముద్వారానే అనుగ్రహించెను. మిలాను నగరములో బిషప్పు అంబ్రోసు ఆ పరదేశి యువకుని తండ్రివలె చేర్చుకొనెను. మోనికాయు సముద్రము దాటి కుమారునియొద్దకు వచ్చెను. 386లో అగస్టీను మారుమనస్సు పొంది, 387 ఈస్టరు పండుగలో బాప్తిస్మము పుచ్చుకొనెను.

అదే సంవత్సరము స్వదేశమునకు తిరిగి వెళ్లుచు, ఒస్తియ రేవులో మోనికా జ్వరముతో పడి, తొమ్మిదవ దినమున 56వ యేట ప్రభువునందు నిద్రించెను. తన శరీరమును ఎక్కడ పాతిపెట్టినను చింతలేదనియు, బలిపీఠమునొద్ద తన్ను జ్ఞాపకము చేసికొనుడనియు మాత్రమే కోరెను. సొంత ఊరిలో భర్త ప్రక్కన సమాధి కావలెనని ఎంతో ఆశించిన ఆమె, ఆ ఆశనుకూడ తుదకు విడిచిపెట్టెను. ఆ కుమారుడు హిప్పో పట్టణ బిషప్పై 430 వరకు సంఘమునకు సేవచేసెను.

ప్రియులారా, బిడ్డను మన చెంతనే ఉంచుమని అడుగుట తలిదండ్రులకు సహజము. మేమును అట్లే అడిగితిమి. ఇప్పుడైతే, వాడు ఎక్కడ ఉన్నను నీవాడుగా ఉంచుమని అడుగుట నేర్చుకొనుచున్నాము. మరియొక మనవి. మన పట్టణములోని హాస్టలునుండి వచ్చిన పరాయి ఊరి బిడ్డ ఆదివారము గుడిలో వెనుక బల్లమీద ఒంటరిగా కూర్చుండినప్పుడు, వాని వెనుక ఎక్కడనో ఒక తల్లి కన్నీరున్నదని జ్ఞాపకముంచుకొందము. వాని పేరడిగి, ఇంటికి పిలిచి, ఒక పూట అన్నము పెట్టుదము. మన బిడ్డలకును వారున్న చోట అట్టివారిని ప్రభువు అనుగ్రహించునుగాక.