రంగమునకు వెనుకనున్న ఇల్లు

విద్యనే జీవనాధారముగా చేసికొన్నవాని ఇంటి గడియారము ఊరివారి గడియారముతో సరిపోలదు. లోకము పనులు ముగించుకొని విశ్రమించు వేళకు వాని పని మొదలగును. పండుగనాడు పరుల వినోదమునకై వాడు పొరుగూర నుండవలెను. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాని ఇల్లాలికిని, ఆంధ్రదేశమున వృత్తినటుని ఇల్లాలికిని ఈ అనుభవము సమానమే. స్థానం నరసింహారావు జీవితమును చదువువారు రంగముపై వెలిగిన దీపములతోపాటు ఇంట వెలిగిన దీపమునుకూడ గమనింపవలెను.

నరసింహారావు 1902 సెప్టెంబరు 23వ తేదీన బాపట్లలో జన్మించెను. వారిది కలిమిగల కుటుంబము కాదు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకము జరుగనుండగా చంద్రమతి వేషధారి రాలేదు. ఆ లోటు తీర్చుటకు నరసింహారావు ముఖమునకు రంగు వేసికొనెను. భర్త ఆడిన మాటకు తాను మూల్యము చెల్లించిన ఇల్లాలు చంద్రమతి. అట్టి పాత్రతో ఆయన నటజీవితము ప్రారంభమగుట విశేషము.

పిమ్మట ఆయన తెనాలిలోని శ్రీరామవిలాస సభలో చేరెను. ఆనాటి తెనాలి నటులకు పుట్టినిల్లు. వారిలో వైద్యుడైన గోవిందరాజుల సుబ్బారావు వంటివారును కలరు. వేరు వృత్తి గలవానికి నాటకము లేకున్నను ఇల్లు గడచును. నాటకమే వృత్తియైనవానికి ఆ ధీమా లేదు. వానలు పట్టినచో పందిరి లేదు. పందిరి లేనిచో ప్రదర్శనము లేదు. గొంతు బొంగురుపోయిన వారము ఇంటి పద్దులోను కనబడును.

తెనాలి రైలు కూడలి. బాపట్ల మదరాసు మార్గముపైనున్నది. రేపల్లె శాఖ 1916లో ఏర్పడెను. దాని పొడవు సుమారు 34 కిలోమీటర్లు. నాటక సమాజములకు ఇట్టి మార్గములే రాచబాటలు. రాత్రి భోజనములైన పిదప తెర లేచి, తెల్లవారుజామున దిగుచుండెను. వేషము కడిగికొని నటుడు బండి యెక్కువేళకు ఇంట పాలు పితుకుచుందురు. అతడు పగలు నిదురించునప్పుడు పిల్లలను అల్లరి చేయకుండ ఆపవలసినదియు, వచ్చినవారిని వీధి అరుగుమీదనే కూర్చుండబెట్టవలసినదియు ఇల్లాలే. బిడ్డకు జ్వరము వచ్చినను, అప్పులవాడు గుమ్మమునకు వచ్చినను సమాధానము చెప్పవలసినదియు ఆమెయే. సురభి నాటక సమాజమువారు ఇంటినే వెంటబెట్టుకొని తిరిగిరి; భార్య, భర్త, బిడ్డలు ఒకే రంగముపై నటించిరి. పురుషులే స్త్రీ వేషములు ధరించిన సమాజములందు ఇల్లు వెనుకనే నిలిచిపోయెను. ఆ ఇండ్ల స్త్రీల పేర్లు నాటకముల కరపత్రములకు ఎక్కలేదు.

అయినను ఆ రంగమునకు ఇంటి ఋణము మిక్కుటము. నరసింహారావు సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి మున్నగు పాత్రలను ధరించెను. వీరిలో ఒకరి నడక మరియొకరికి పొసగదు. రాణి చీర కట్టు వేరు, వేశ్య కట్టు వేరు. ప్రేమగల అలుక వేరు, పగగల అలుక వేరు. పురుషుడు స్త్రీని అనుకరించినచో సభ నవ్వుటకు క్షణము చాలును. ఆయన మాత్రము సభను నవ్వనీయక నమ్మించెను. పైట సవరించుకొను తీరు, మాట మింగి తల త్రిప్పుకొను తీరు నేర్పు పాఠశాల ఏది? నూతిగట్టు, వంటిల్లు, వీధి అరుగు. ఏ నటుడైనను స్త్రీ పాత్రను నేర్చుకొనవలసిన బడి అదియే. శ్రీకృష్ణతులాభారమున సత్యభామకై ఆయన స్వయముగా రచించిన పాట తరువాతి కాలమున చలనచిత్రమునందును నిలిచెను. వేషభూషల కూర్పున ఆయన చూపిన శ్రద్ధ ప్రసిద్ధము.

1938లో రంగూను నగరమున ఆంధ్రులు ఆయనకు బంగారు కిరీటము బహూకరించిరి. 1942లో సత్యభామ చిత్రమున ఆయనయే సత్యభామ. అప్పటికే తెరపై స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుచుండిరి. న్యాయమైన ఆ మార్పు, స్త్రీ వేషమే జీవనమైనవానికి మాత్రము కఠిన పరీక్ష. ఆయన ఆ పరీక్షకు నిలిచెను. 1956లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను. హైదరాబాదు ఆకాశవాణిలో నాటక ప్రయోక్తగా పనిచేసినప్పుడు ఆయన చేతనున్నది వాచికమొక్కటే. చీర లేదు, రంగు లేదు. తాను ధరించిన పాత్రల అనుభవమును నటస్థానము అను గ్రంథమున వివరించెను. 1971 ఫిబ్రవరి 21వ తేదీన పరమపదించెను.

తులాభార కథలో సత్యభామ నగలన్నియు త్రాసును కదల్చలేకపోగా రుక్మిణి యుంచిన తులసీదళము తూచినది. వేయికి పైగా రాత్రులు ఆంధ్రలోకమును మురిపించిన నటుని కీర్తిని తూచునప్పుడు రంగూను కిరీటమును ఒక తట్టలో నుంచవచ్చును. ఆ రాత్రులందు నటుల ఇండ్లలో మేలుకొనియున్న వారి ఓర్పును రెండవ తట్టలో నుంచినగాని ఆ లెక్క సరికాదు.