‘రన్’ అని కొడితే చాలు.. జవాబు ప్రత్యక్షం! ‘బేసిక్’ సృష్టికర్త జాన్ కెమెనీ కథ ఇదీ

రన్.. ఇంగ్లిష్‌లో మూడంటే మూడు అక్షరాలు. టైప్ చేసి ఎంటర్ నొక్కితే కంప్యూటర్ లెక్క చేసి జవాబు చూపించేస్తుంది. 80, 90ల్లో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల మెట్లెక్కిన మనవాళ్లలో చాలామందికి తొలి పాఠం ఇదే. 10, 20, 30 అంటూ లైన్లకు నంబర్లు వేసుకోవడం, చివర్లో రన్ కొట్టడం. ఆ భాష పేరు బేసిక్. దాన్ని తయారు చేసింది ఇద్దరు లెక్కల ప్రొఫెసర్లు. అందులో ఒకరు జాన్ కెమెనీ. నాజీల బారి నుంచి తప్పించుకుని అమెరికా చేరిన కుర్రాడాయన.

1926 మే 31న హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఓ యూదు కుటుంబంలో కెమెనీ పుట్టారు. ముంచుకొస్తున్న ముప్పును తండ్రి ముందే పసిగట్టారు. 1938లో ఒక్కరే న్యూయార్క్ వెళ్లి, 1940లో భార్యాపిల్లల్ని రప్పించుకున్నారు. తాతయ్య మాత్రం దేశం వదిలి రానన్నారు. నాజీల మారణకాండలో ఆయన, మరికొందరు బంధువులు ప్రాణాలు కోల్పోయారు. ఇక్కడ న్యూయార్క్‌లో మనవడు కొత్త దేశంలో చదువు మొదలుపెట్టి, మూడేళ్లకే స్కూల్ ఫస్ట్ వచ్చాడు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో సీటు కొట్టాడు.

1945లో సైన్యం నుంచి పిలుపొచ్చింది. పంపింది ఎక్కడికో తెలుసా? అణుబాంబు తయారవుతున్న లాస్ అలమోస్‌కి. ఆయన పనిచేసిన విభాగానికి బాస్ రిచర్డ్ ఫైన్‌మన్. అప్పటికి చేతిలో ఉన్నవి ఆఫీసు పద్దుల కోసం చేసిన ఐబీఎం పంచ్ కార్డు మెషీన్లే. షిఫ్టుల వారీగా రాత్రీపగలూ నడిపినా ఒక్క డిఫరెన్షియల్ ఈక్వేషన్ తేలడానికి దాదాపు మూడు వారాలు పట్టేది. ఆ ఎదురుచూపులు ఆయన మనసులో ఉండిపోయాయి.

యుద్ధం ముగిశాక మళ్లీ ప్రిన్స్‌టన్. పీహెచ్‌డీ చేస్తూనే ఐన్‌స్టీన్‌కు అసిస్టెంట్‌గా పనిచేశారు. అవును, ఐన్‌స్టీన్‌కూ లెక్కల్లో సాయం కావాల్సి వచ్చింది! 1953లో 27 ఏళ్లకే డార్ట్‌మౌత్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు.

అక్కడ ఆయనకు తోడైన లెక్కల మాస్టారు థామస్ కర్ట్జ్. మొదట్లో డార్ట్‌మౌత్‌లో కంప్యూటరే లేదు. దాంతో కర్ట్జ్ పంచ్ కార్డుల పెట్టె పట్టుకుని రైలెక్కి ఎంఐటీకి వెళ్లేవారు. రెండు వారాలకోసారి ఇదే ప్రయాణం. కార్డుల మీద ఒక్క కామా తప్పితే అంతే సంగతులు. దిద్దుకుని మళ్లీ వెళ్లాల్సిందే. కంప్యూటర్ ఉన్నచోట కూడా పరిస్థితి పెద్ద మెరుగేం కాదు. కార్డుల కట్ట ఆపరేటర్‌కి ఇచ్చి, తమ వంతు వచ్చేదాకా ఆగాలి. మెషీన్‌ని ముట్టుకునే వీలే లేదు.

దీన్నే మార్చాలనుకున్నారు ఇద్దరూ. ఒకే కంప్యూటర్ సమయాన్ని సెకన్ల ముక్కలుగా చేసి అందరికీ పంచడం ఒక ఎత్తు. సైన్స్ చదవని విద్యార్థి కూడా గంటల్లో నేర్చుకునే భాష ఇవ్వడం ఇంకో ఎత్తు. 1963 వేసవిలో కెమెనీ కంపైలర్ రాయడం మొదలుపెట్టారు. మిగతా సిస్టమ్ పనిలో డిగ్రీ విద్యార్థులే కీలకం. 1964 మే 1 తెల్లవారుజామున 4 గంటలకు రెండు టెర్మినళ్ల నుంచి ఒకేసారి రన్ కొట్టారు. రెండింటికీ సరైన జవాబులొచ్చాయి.

వాడే పద్ధతి చూస్తే ఇప్పటి కమాండ్ లైన్ గుర్తొస్తుంది. అప్పట్లో స్క్రీన్ లేదు, కాగితం మీద అచ్చు కొట్టే టెలిటైపే. హలో అని కొడితే మెషీన్ పలకరిస్తుంది. న్యూ అంటే కొత్త ప్రోగ్రామ్, ఓల్డ్ అంటే దాచుకున్నది, లిస్ట్ అంటే రాసినదంతా అచ్చవుతుంది. రన్ కొట్టగానే మొత్తం ప్రోగ్రామ్‌ని అప్పటికప్పుడు కంపైల్ చేసి నడిపిస్తుంది. తప్పుంటే అక్కడే చెబుతుంది. ఆ ఒక్క లైన్ దిద్ది మళ్లీ రన్ కొడితే సరి. తర్వాత మ్యాట్ కమాండ్లు కూడా చేరాయి. మ్యాట్రిక్స్‌ను తిరగేయడానికి ఒక్క లైన్ చాలు. ఒకప్పుడు లాస్ అలమోస్‌లో ఏడాదంతా చేసిన లెక్కల్ని డార్ట్‌మౌత్ విద్యార్థి ఒక్క మధ్యాహ్నంలో చేసేయగలడని కెమెనీ తర్వాత రాశారు.

లైబ్రరీలో పుస్తకం తీసుకోవడానికి విద్యార్థి కారణం చెప్పక్కర్లేదు కదా, కంప్యూటర్‌కి మాత్రం ఎందుకు చెప్పాలన్నది ఆయన వాదన. అందుకే విద్యార్థులందరికీ ఫ్రీ. భాషను కూడా ఎవరైనా వాడుకునేలా వదిలేశారు.

1970లో అదే కాలేజీకి ప్రెసిడెంట్ అయ్యారు. 1972లో తొలిసారి అమ్మాయిలకు డిగ్రీ ప్రవేశాలు ఇచ్చింది ఆయన హయాంలోనే. పదవిలో ఉంటూనే క్లాసులూ చెప్పారు. 1979లో త్రీ మైల్ ఐలాండ్ అణు ప్రమాదంపై విచారణ కమిషన్‌కు ప్రెసిడెంట్ కార్టర్ ఆయన్నే ఛైర్మన్‌గా వేశారు. ఆపరేటర్ల శిక్షణ మొదలు నియంత్రణ సంస్థ తీరు దాకా కమిషన్ కడిగిపారేసింది.

ఈలోగా బేసిక్ ఇళ్లలోకి చేరింది. 1975లో బిల్ గేట్స్, పాల్ అలెన్ మొదలుపెట్టిన మైక్రోసాఫ్ట్ తొలి సరుకు బేసికే. అయితే చిన్న కంప్యూటర్లలో ఇరికించడానికి కంపెనీలు తలో రకంగా కోతలు పెట్టడం కెమెనీకి నచ్చలేదు. 1983లో కర్ట్జ్‌తో కలిసి ట్రూ బేసిక్ పేరుతో సొంత కంపెనీ పెట్టారు. కానీ మార్కెట్ అప్పటికే మిగతా రకాలకు అలవాటు పడిపోయింది.

1992 డిసెంబర్ 26న గుండె ఆగి కెమెనీ కన్నుమూశారు. వయసు 66. కర్ట్జ్ 2024 నవంబర్‌లో, 96 ఏళ్ల వయసులో చనిపోయారు.