డ్రమ్స్ ఆడిషన్‌కు ప్రాక్టీస్ చేస్తున్నారా? బుర్రకథ నాజర్ లయ గురించి తెలుసుకోండి
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఆడిషన్ కోసం కొత్త బీట్ నేర్చుకునే కుర్రాళ్లు షేక్ నాజర్ జీవితం తెలుసుకోవాల్సిందే. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట్లో పుట్టారు. చిన్నప్పుడే సంగీతం, నాటకం నేర్చుకున్నారు. ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథ పట్టారు. భుజాన తంబుర, బొటనవేలికి ఉంగరం, కాళ్లకు గజ్జెలు.. పక్కన వంతల గుమ్మెటలు! చెయ్యి, అడుగు, గొంతు ఒకే లయలో నడవాలి. దరువు ఎంత జోరుగా ఉన్నా మాట స్పష్టంగా వినపడాలి. ఆ మాట జనాన్ని కదిలించింది కాబట్టే ఇటు నిజాం సర్కార్, అటు మద్రాస్ సర్కార్ బుర్రకథను నిషేధించాయి. అయినా కళ ఆగలేదు. 1954లో ‘అగ్గిరాముడు’ సినిమాలో అల్లూరి కథ చెప్పారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. 1997లో కన్నుమూశారు. స్పీడ్ ఒక్కటే కాదు, బీట్‌లో చెప్పే విషయం కూడా ఉండాలనేది నాజర్ జీవితం నేర్పే పాఠం.