వాల్డెన్ తీరవాసి

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, కాంకర్డ్ అను ఊరికి సమీపమున వాల్డెన్ అను చిన్న సరస్సు కలదు. నేడది రాష్ట్ర ప్రభుత్వ సంరక్షణలో నున్న విహారస్థలము. వేసవిలో జనులు వేలకొలదిగా వచ్చి అందు ఈదులాడుదురు, చెట్లనీడలను నడచుదురు. కాని అచ్చట రాత్రి గుడారము వేయుటగాని, నిప్పు రగిల్చుటగాని కూడదు. ఆ తీరమునకు కీర్తి తెచ్చిన హెన్రీ డేవిడ్ థోరో నిప్పువలని కీడును చక్కగా నెరిగినవాడు.

థోరో 1817 జూలై 12న కాంకర్డ్‌లో జన్మించెను. తండ్రి పెన్సిళ్లు చేయించి అమ్మువాడు. 1837లో హార్వర్డ్ విద్యాలయమున పట్టము పొందినను, హెన్రీకి కొలువుకంటె ఏటిగట్లయందును అడవులయందును మక్కువ మెండు. 1839లో అన్నయగు జాన్‌తో గూడి, తాము స్వయముగా నిర్మించిన పడవపై విహారయాత్రకు బయలుదేరెను. రాత్రులందు సోదరు లిరువురు ఒడ్డున గుడారము వేసికొని నిద్రించిరి. ఆ అన్న 1842లో చిన్న కత్తిగాటు వలన ధనుర్వాతము సోకి మరణించెను.

1844 ఏప్రిల్ 30న థోరో ఒక మిత్రునితో పడవపై వెడలెను. పట్టిన చేపలను వండుకొనుటకై ఒడ్డుననున్న ఒక మోడులో నిప్పు రాజేసెను. చాలనాళ్లుగా వానలు లేక గడ్డి ఎండియుండెను. గాలి వీచినంతనే మంట గడ్డికి అంటుకొనెను. వారు చేతులతో, కాళ్లతో, తుదకు పడవపలకతో ఎంత మోదినను అది ఆరలేదు. మిత్రుడు పడవపై ఊరికి పోగా, థోరో సాయముకొరకు అడవిలో పరుగిడెను. కొంత దూరము పోయి అలసి, ఒక గుట్టపై కూర్చుండి మంటలను చూచుచుండిపోయెను. సుమారు 300 ఎకరముల అడవి దగ్ధమయ్యెను. పిడుగు పడినను ఇట్లే జరిగియుండెడిదని ఆయన తన మనస్సునకు సమాధానము చెప్పుకొనెను. ఆ సమాధానము మెచ్చదగినది కాదు. ఊరివారు చాలకాలము ఆయనను అడవి కాల్చినవాడని ఎత్తిపొడిచిరి. ఆరేండ్లు గడచినగాని ఆయన ఆ ఉదంతమును తన దినచర్యలో వ్రాయలేకపోయెను.

మరుసటి ఏడు థోరో ఒక గొడ్డలి ఎరువు తెచ్చుకొని, తన గురుతుల్యుడైన ఎమర్సన్ భూమిలో, వాల్డెన్ ఒడ్డున 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల కుటీరము కట్టుకొనెను. వ్యయము 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు! 1845 జూలై 4న అందు ప్రవేశించి, చిక్కుళ్లు పండించుకొనుచు రెండేండ్ల రెండు నెలలు వసించెను. ఆ సరస్సునకు అడుగే లేదని కొందరు నమ్ముచుండిరి. 1846లో నీరు గడ్డకట్టియుండగా, థోరో మంచునకు రంధ్రములు చేసి, రాయి కట్టిన త్రాటిని జారవిడిచి, అత్యధికమైన లోతు 102 అడుగులని నిర్ణయించెను. ఆ యేడే బానిసత్వమును సహించు ప్రభుత్వమునకు పన్ను కట్టనని ఒక రాత్రి చెరలో నుండెను. ఆ విషయమై ఆయన వ్రాసిన వ్యాసమును గాంధీ మహాత్ముడు దక్షిణాఫ్రికాలో నున్నప్పుడు చదివెను.

తన కుటీర జీవితమును వర్ణించు గ్రంథమును 1854లో ప్రకటించిన పిమ్మటను థోరో అడవులను విడువలేదు. 1859లో, తాను పూర్వము చిక్కుళ్లు పండించిన చేనిలో పైన్ మొక్కలు నాటెను. పైన్ చెట్లను నరికినచోట ఓక్ చెట్లు మొలచుట యెట్లు? 1860లో ఒక సభయందు ఆయన దీనిని వివరించెను. ఓక్ కాయలను ఉడుతలు తెచ్చి పైన్ చెట్ల నీడలో పాతిపెట్టును. పెద్దచెట్లు పడిపోగానే ఆ మొలకలకు వెలుతురు దొరకును. పైన్ గింజలనో, గాలి మోసికొనిపోవును. ఆ డిసెంబరు చలిలో నరికిన మోళ్లపై వలయములు లెక్కించుచుండగా ఆయనకు జలుబు చేసెను. అది పూర్వమునుండి యున్న క్షయను ముదిరించెను. 1862 మే 6న, 44 ఏండ్ల ప్రాయమున, థోరో కాంకర్డ్‌లోనే కన్ను మూసెను.

అరువదేండ్ల తరువాత, 1922లో, ఎమర్సన్ వంశీయులును మరికొందరును వాల్డెన్ తీరభూములను మసాచుసెట్స్ రాష్ట్రమునకు ధారపోసిరి.