యంత్రమునకు గ్రంథాలయము కూర్చిన విదుషి

ఒకరు శ్రమించి సాధించిన లెక్కను వేయిమంది మరల మొదటినుండి సాధింపనక్కరలేదు. పేరుపెట్టి పిలిచిన చాలును. కంప్యూటరు శాస్త్రమున నేడు సామాన్యమైన యీ పద్ధతిని ఆచరణమున నిలిపినవారిలో అగ్రగణ్యురాలు గ్రేస్ హాపర్.

ఈమె 1906 డిసెంబరు 9న న్యూయార్కు నగరమున జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున, గడియారము నడచు తీరు తెలిసికొనగోరి ఇంటనున్న అలారము గడియారముల నొక్కొక్కటిగా విప్పివైచెను. 1934లో యేల్ విశ్వవిద్యాలయమున గణితమందు డాక్టరేటు పొందెను. వాసర్ కళాశాలలో అధ్యాపకురాలుగా నుండగా రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. వయస్సు మీరినదనియు, బరువు చాలదనియు ఆటంకము లేర్పడినను వెనుదీయక 1943లో నౌకాదళమున చేరి, మరుసటి యేట హార్వర్డునందలి మార్క్-1 గణకయంత్రముకడ నియుక్తురాలయ్యెను.

అచ్చట తరచుగా కావలసిన లెక్కల ఆదేశమాలలను, అనగా రొటీనులను, ఒకరి నోటుపుస్తకమునుండి మరియొకరు ఎత్తివ్రాసికొనుచుండిరి. ఎత్తివ్రాయుటలో తప్పులు దొరలెడివి. పైగా రొటీను క్రొత్తచోట చేరినప్పుడెల్ల అందలి స్థానసంఖ్యలను కూడి సవరింపవలసియుండెను. ఈ కూడికలలో మనుష్యుడు తడబడును, యంత్రము తడబడదు. కావున ఆ పనిని యంత్రమునకే అప్పగింప నామె సంకల్పించెను.

1949లో ఎకర్ట్-మాక్లీ సంస్థలో చేరిన పిమ్మట, 1952లో ఆ సంకల్పము ఫలించెను. రొటీనులను అయస్కాంతపు టేపుపై కూర్చి, ఒక్కొక్కదానికి ఒక పిలుపుసంఖ్య నిచ్చెను. ప్రోగ్రాము వ్రాయువారు ఆ సంఖ్యను, లెక్కకు వలయు రాసులను తెలిపిన చాలును. యంత్రమే రొటీనును వెదకి తెచ్చి, స్థానసంఖ్యలు సవరించి, ప్రోగ్రామును కూర్చును. ఇదియే ఏ-0 కంపైలరు. యంత్రము లెక్కలు కట్టునేగాని ప్రోగ్రాములు కూర్చజాలదని తలచిన పలువురు దీనిని మొదట విశ్వసింపలేదు.

నిజాం చక్కెర కర్మాగారము నడచిన కాలమున బోధన్ రైతు చక్కెరకై ఇంట యంత్రములు నెలకొల్పుకొనలేదు. చెఱకును శక్కర్‌నగరునకు తోలెను. రొటీనును పిలుచుటయు నట్టిదే: రాసులు చెఱకు, ఫలితము చక్కెర.

1972 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషయు ఈ త్రోవనే నడచెను. తెరపై ఒక పంక్తి ముద్రించుటకైనను ఆ భాషలో ప్రత్యేకాదేశము లేదు. ప్రింట్‌ఎఫ్ అను గ్రంథాలయపు రొటీనును పిలువవలసినదే.

హాపర్ 1986లో, 79 యేండ్ల వయస్సున, రియర్ ఆడ్మిరల్ పదవినుండి విరమించి, 1992 జనవరి 1న దివంగతురాలయ్యెను. తాను నేర్చినది తన నోటుపుస్తకమునందే నిలిచిపోక, పిలిచినవారి కెల్ల పలుకవలెనని ఆమె పాటుపడెను. విద్యార్థులకును, ఉపాధ్యాయులకును ఆదర్శప్రాయమైనది ఆ తలంపే.