నౌకాదళపు గుమాస్తా శామ్యూల్ పీప్స్

రాజుల గురించి, సేనానుల గురించి, దేశనాయకుల గురించి రాసేవారు ఎందరో ఉన్నారు. గుమాస్తాగిరీ చేసి చరిత్రకెక్కినవారు మాత్రం బహు తక్కువ. అటువంటి ఒకరి గురించి ఈ ప్రత్యేక సంచికలో మనవి చేస్తాను. ఆయన పేరు శామ్యూల్ పీప్స్. 1703లో కన్నుమూసిన ఇంగ్లీషు పెద్దమనిషి. ఆయన ఫిరంగి పేల్చలేదు, యుద్ధనౌకకు నాయకత్వం వహించలేదు. ఉద్యోగమంతా బల్ల ముందే గడిపారు. అయినా ఇంగ్లండు నౌకాదళానికి ఒక పద్ధతి తెచ్చినవారిలో ముందుగా చెప్పుకునే పేరు ఆయనదే.

సీమ కబుర్లు మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. మన నిడదవోలు జంక్షనులో నరసాపురం బండి ఎక్కితే తణుకు, భీమవరం దాటాక పాలకొల్లు, ఆపైన నరసాపురం వస్తాయి. పీప్స్ బతికి ఉన్న రోజుల్లోనే పాలకొల్లులో డచ్చివారి వర్తకస్థావరం ఉండేది. మనవాళ్ళు వారిని వలందావారు అనేవారు. నరసాపురంలోని వలందర రేవు, మచిలీపట్నంలోని వలందపాలెం అనే పేర్లు ఆ కాలం గుర్తులే. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషు కంపెనీవారి కొట్టు ఉండేది. గోదావరి ఒడ్డున మన వడ్రంగులు ఓడలు కట్టేవారు, పాతవి బాగుచేసేవారు. ఇక్కడ పక్కపక్కనే వ్యాపారం చేసుకున్న ఆ రెండు జాతులూ అక్కడ తమ సముద్రం మీద 1652 మొదలు 1674 లోపల మూడుసార్లు యుద్ధానికి దిగాయి. చివరి రెండు యుద్ధాలలోనూ ఇంగ్లండు నౌకాదళపు కాగితం పని పీప్స్ చేతుల మీదుగానే నడిచింది.

ఆయన 1633 ఫిబ్రవరి 23న లండను నగరంలో ఒక దర్జీ ఇంట పుట్టారు. పదకొండుమంది సంతానంలో ఐదవవారు. చదువులో చురుకు కావడంతో కేంబ్రిడ్జిలోని మాడలెన్ కాలేజీకి వెళ్ళి 1654లో పట్టభద్రులయ్యారు. మరుసటి ఏడు ఎలిజబెత్ అనే పేద ఫ్రెంచివారి అమ్మాయిని పెళ్ళాడారు. అప్పటికి ఆమెకు పదిహేనేళ్ళు కూడా సరిగా నిండలేదు. దూరపు చుట్టమైన ఎడ్వర్డ్ మాంటెగ్యూ అనే ప్రభువు దగ్గర పనులు చూస్తూ, ఖజానా కచేరీలో చిన్న గుమాస్తాగా చేరారు. చిన్ననాటి నుంచీ మూత్రకోశంలో రాయి బాధ ఉండేది. 1658 మార్చి 26న, మత్తుమందు అంటే ఏమిటో తెలియని ఆ రోజుల్లో, శస్త్రచికిత్స చేయించుకుని బతికి బయటపడ్డారు. ఆ తేదీని ఏటేటా స్నేహితులకు విందు చేసి జరుపుకునేవారు.

1660లో ఇంగ్లండులో రాచరికం తిరిగి వచ్చింది. హాలెండులో తలదాచుకున్న రెండవ చార్లెస్ రాజును తీసుకురావడానికి మాంటెగ్యూ ఓడల మీద వెళ్ళినప్పుడు పీప్స్ కార్యదర్శిగా వెంట వెళ్ళారు. ఆ సేవకు ఫలంగా అదే ఏడాది జూలైలో నేవీ బోర్డులో గుమాస్తా పదవి దక్కింది. జీతం ఏడాదికి 350 పౌన్లు.

ఆ కచేరీ అమరిక ఇలా ఉండేది. యుద్ధం ఎప్పుడు, ఏ ఓడ ఎక్కడికి వెళ్ళాలి అన్నవి పైన లార్డ్ హై అడ్మిరల్ చూసుకునేవారు. అప్పుడు ఆ పదవిలో రాజుగారి తమ్ముడు డ్యూక్ ఆఫ్ యార్క్ ఉన్నారు. ఓడల నిర్మాణం, మరమ్మతు, కలప, తాళ్ళు, జీతాల లెక్కలు, కాంట్రాక్టులు మొదలైన పనులన్నీ నేవీ బోర్డువి. ఎనిమిదవ హెన్రీ రాజు 1546లో దాన్ని ఏర్పాటు చేశారు. బోర్డులో కోశాధికారి, లెక్కల అధికారి, ఓడల సర్వేయరు, గుమాస్తా ఉండేవారు. గుమాస్తా అన్నా హోదాలో ఆయనా ఒక సభ్యుడే. ఉత్తరప్రత్యుత్తరాలు, తీర్మానాలు, రికార్డు అంతా ఆయన పూచీ.

ఇక్కడ పెన్షనర్లు వినవలసిన సంగతి ఒకటుంది. ఆ ఉద్యోగంలో అంతకుముందు బార్లో అనే ముసలాయన ఉండేవారు. పదవి మీద ఆయనకు హక్కు మిగిలే ఉంది. సర్కారు పెన్షను అన్న ఏర్పాటు లేని కాలం కనుక, కొత్తగా వచ్చినవాడే తన జీతంలోంచి పాతవాడికి ఏడాదికి 100 పౌన్లు ఇచ్చుకోవాలని ఒప్పందం కుదిరింది. 1665లో బార్లో చనిపోయినప్పుడు తనకు కలిగిన విచారంలో ఆ నూరు పౌన్ల ఊరట కూడా కలిసి ఉందని పీప్స్ తన డైరీలో దాచుకోకుండా రాసుకున్నారు. మన పెన్షను ఒకరి దయాదాక్షిణ్యాల మీద కాక చట్టం మీద ఆధారపడి ఉండటం ఎంత పెద్ద విషయమో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఉద్యోగంలో చేరేనాటికి పీప్స్‌కు ఓడల గురించి ఏమీ తెలియదు. కేంబ్రిడ్జి పట్టభద్రుడికి ఎక్కాలు కూడా రావు! సిగ్గుపడకుండా 1662లో కూపర్ అనే ఓడ సరంగును పిలిపించుకుని, తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎక్కాలు వల్లెవేశారు. ఓడలు కట్టే ఆంటోనీ డీన్ వెంట అడవికి వెళ్ళి దుంగలు కొలవడం నేర్చుకున్నారు. కొలతలో రాజుకు ఎంత నష్టం చేస్తున్నారో అక్కడే గ్రహించారు. తాళ్ళ కార్ఖానాకు వెళ్ళి నార పురి విప్పి చూసేవారు. ఒప్పందాలన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కించి, ఎవరు ఏ ధరకు ఏమి సరఫరా చేశారో పేజీ తిప్పితే తెలిసేలా చేశారు. సరుకు చూడకుండా బిల్లు మీద సంతకం పెట్టకూడదన్న పాఠం మన పెద్ద గుమాస్తాలు మనకు నేర్పినదే.

ఆయన నిప్పులాంటి మనిషి అని చెప్పను. ఆ రోజుల్లో మామూళ్ళు మామూలే. ఒక కాంట్రాక్టరు ఆయన భార్యకు చేతితొడుగులు బహూకరిస్తే, వాటిలో నలభై బంగారు నాణేలు ఉన్నాయి. మరొకరు డబ్బు పెట్టి ఉత్తరం ఇస్తే, లోపలికి చూడకుండా డబ్బు బయటికి దులిపి ఆ తర్వాత కాగితం చదివారు. రేపు ఎవరైనా అడిగితే ఆ కాగితంలో డబ్బు చూడలేదని చెప్పవచ్చునట! ఇదంతా కూడా ఆయన డైరీలోనిదే. రాజుకు నష్టం లేకుండా చూసుకున్నానని తనకు తాను సర్దిచెప్పుకునేవారు. ఆ సమాధానం మనం ఒప్పుకోనక్కరలేదు. తనమీద తానే అంత వివరంగా ఛార్జిషీటు రాసిపెట్టుకున్న ఉద్యోగి మరొకరు ఉంటారని మాత్రం అనుకోను.

1665లో డచ్చివారితో యుద్ధం, అదే ఏడు లండనులో ప్లేగు. చాలామంది ఊరు వదిలినా ఆయన భార్యను వేరేచోటికి పంపి ఆగస్టు చివరిదాకా నగరంలోనే ఉండి పని చూశారు. 1666 సెప్టెంబరులో నగరం నాలుగు రోజులు తగలబడినప్పుడు, నౌకాశ్రయాల పనివాళ్ళను రప్పించి అడ్డంగా ఉన్న ఇళ్ళు కూల్పించారు. మంటలు కచేరీ దాకా రాకుండా ఆగాయి.

ప్లేగూ మంటలూ చేయలేని నష్టం జీతాల బకాయి చేసింది. నౌకాదళంలో తర్ఫీదు పొందిన నావికుడి జీతం నెలకు 24 షిల్లింగులు. అందులో నెలకు ఆరు పెన్నీలు చాథమ్ పెట్టె అనే నిధికి కోత పడేది. గాయపడినవారికి సాయం చేసే నిధి అది. దాని లెక్కలు కూడా అస్తవ్యస్తంగా ఉంటే 1662లో విచారణ సంఘం వేశారు. పీప్స్ అందులో సభ్యులు. ఇక జీతం సంగతి. పార్లమెంటు ఇచ్చిన డబ్బు చాలదు, వచ్చిందీ వేళకు రాదు. నావికులకు రొక్కానికి బదులు టికెట్టు అనే చీటీ ఇచ్చేవారు. ఆ చీటీని పట్టుకుని లండను దాకా తిరగలేనివారు దళారీలకు తక్కువ ధరకు అమ్ముకునేవారు. కచేరీ గుమ్మం దగ్గర నావికుల భార్యలు పసిపిల్లలతో నిలబడి ఏడ్చేవారు. పీప్స్ మీద మీద ఉత్తరాలు రాసి హెచ్చరిస్తూనే ఉన్నారు. పైనుంచి డబ్బు రాలేదు.

1667 జూన్‌లో దానికి ఫలితం కనిపించింది. ఖర్చు తగ్గించాలని పెద్ద ఓడలను మెడ్వే నదిలో కట్టివేసి ఉంచారు. డచ్చివారు నదిలోకే వచ్చి ఓడలు తగలబెట్టి, రాయల్ చార్లెస్ అనే ఓడను లాక్కునిపోయారు. 1660లో రాజుగారిని స్వదేశానికి తెచ్చింది ఆ ఓడే. వచ్చిన డచ్చి ఓడల మీద ఇంగ్లీషు మాటలు వినిపించాయట. జీతం రాక విసిగి, శత్రువు దగ్గర రొక్కానికి చేరిన స్వదేశీ నావికులు వారు. చేసిన పనికి జీతం ఎగ్గొట్టిన ప్రభుత్వానికి ఇంతకంటె పెద్ద శిక్ష ఏముంటుంది?

తప్పంతా నేవీ బోర్డుదే అని పార్లమెంటు పట్టుకుంది. 1668 మార్చి 5న పీప్స్ కామన్స్ సభ ముందు నిలబడి మూడు గంటలకు పైగా లెక్కలూ ఉత్తరాలూ చూపి సమాధానం చెప్పారు. ఏ తేదీన ఎంత అడిగాము, ఎంత వచ్చింది అన్నది రికార్డులో ఉంది కనుక బోర్డు బయటపడింది.

దీపం వెలుగులో రాసి రాసి కళ్ళు పోతాయన్న భయంతో 1669 మే 31న డైరీ ఆపేశారు. అదే ఏడు నవంబరులో భార్య 29వ ఏట జ్వరంతో మరణించింది. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పని ఒక్కటే మిగిలింది.

1673లో అడ్మిరాల్టీ కార్యదర్శి అయ్యారు. అంటే ఇప్పుడు మంత్రిత్వశాఖ కార్యదర్శి హోదా. అంతవరకు దొరగారి అబ్బాయి అయితే చాలు, సిఫారసు మీద నౌకాదళ అధికారి ఉద్యోగం దొరికేది. 1677లో పీప్స్ పట్టుబట్టి, మూడేళ్ళు సముద్రం మీద పనిచేసి, పైఅధికారుల యోగ్యతాపత్రం తెచ్చి, పరీక్షలో నెగ్గినవాడికే లెఫ్టినెంటు పదవి అని నిబంధన పెట్టించారు. అదే సంవత్సరం 30 కొత్త యుద్ధనౌకలకు పార్లమెంటు చేత సుమారు ఆరు లక్షల పౌన్లు మంజూరు చేయించారు. సర్వీసు కమిషను పరీక్షలు రాసి ఉద్యోగాల్లో చేరిన మనవారు ఆ మొదటి నిబంధన విలువ గ్రహించగలరు.

అటువంటి మనిషిని 1679లో దేశద్రోహి అని లండను టవరు చెరసాలలో పెట్టారు. నౌకా రహస్యాలు ఫ్రాన్సుకు అమ్మాడని జాన్ స్కాట్ అనేవాడు అబద్ధపు సాక్ష్యం చెప్పాడు. పీప్స్ తన బావమరిదిని పారిస్ పంపి, ఆ సాక్షి మోసాల తాలూకు రుజువులు ఒక్కొక్కటే సేకరించారు. 1680 జూన్‌లో కేసు కొట్టివేశారు. 1684లో మళ్ళీ అదే పదవిలోకి పిలిచారు. ఆ సంవత్సరమే రాయల్ సొసైటీ అధ్యక్షులయ్యారు. న్యూటన్ ప్రిన్సిపియా గ్రంథం మొదటి ముద్రణలో అచ్చుకు అనుమతించిన అధ్యక్షుడిగా ఉన్న పేరు పీప్స్‌దే.

1688లో రాజు మారారు. పాత రాజుకు విధేయుడైన పీప్స్ 1689 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. తర్వాత పదవి లేదు. చివరి రోజుల్లో క్లాఫమ్‌లో విల్ హ్యూయర్ ఇంట్లో ఉన్నారు. 1660లో కుర్రవాడిగా తన దగ్గర పనికి చేరి, తన చేతికింద గుమాస్తాగా ఎదిగినవాడే ఈ హ్యూయర్. ముసలితనంలో కన్నకొడుకులా చూసుకున్నాడు. 1703 మే 26న పీప్స్ ఆ ఇంట్లోనే కన్నుమూశారు. అప్పటికి రాజ్యం ఆయనకు బకాయి ఉన్న మొత్తం 28,007 పౌన్ల 2 షిల్లింగుల 1¼ పెన్నీ. పావు పెన్నీతో సహా లెక్క తేలింది. చెల్లింపు మాత్రం జరగలేదు.

తన మూడువేల పుస్తకాలను ఆయన కాలేజీకి వదిలి వెళ్ళారు. వాటిలో పొట్టిరాత, అంటే షార్టుహ్యాండులో రాసిన డైరీ ఆరు సంపుటాలున్నాయి. సుమారు పన్నెండున్నర లక్షల మాటలు. 1819లో జాన్ స్మిత్ అనే పేద విద్యార్థి మూడేళ్ళు తంటాలుపడి దాన్ని విప్పాడు. ఆ పొట్టిరాత నేర్పే పుస్తకం అదే గ్రంథాలయంలో ఉందని పాపం అతనికి తెలియదు. 1825లో డైరీ అచ్చయింది, పీప్స్ లోకానికి తెలిశారు.

ఆయన చేసిన కచేరీ పని తర్వాత దేశదేశాల్లో పెద్ద శాఖలుగా పెరిగింది. ఫ్రాన్సులో 1669లోనే కోల్బేరు నౌకాశాఖ మంత్రి అయ్యారు. అమెరికా 1798లో నౌకాశాఖ పెట్టింది. జపానులో 1872లో పుట్టిన నౌకా మంత్రిత్వశాఖ యుద్ధంలో ఓడిన 1945తో ముగిసింది. ఇంగ్లండులో నేవీ బోర్డును 1832లో అడ్మిరాల్టీలో కలిపారు. ఆ అడ్మిరాల్టీని 1964లో రక్షణ మంత్రిత్వశాఖలో కలిపారు. మన దేశంలో నౌకాదళానికి వేరే మంత్రిత్వశాఖ లేదు, రక్షణశాఖ కిందే ఉంది. 1958లో కటారి గారు తొలి భారతీయ నౌకాదళాధిపతి అయ్యారు. 1968 నుంచి తూర్పు నౌకాదళ కమాండ్ మన విశాఖపట్నంలోనే ఉంది. అక్కడి డాక్‌యార్డులో, స్టోర్సులో పనిచేసి రిటైరైనవారు మన కుటుంబాల్లో కూడా ఉంటారు. వారి చేతిలోని ఇండెంటు పుస్తకానికి పీప్స్ పుస్తకం తాతలాంటిది.

ఆయన జీవితం చదివాక నాకు తోచినది రెండు ముక్కల్లో చెప్పి ముగిస్తాను. ప్రభుత్వానికి బలం తోపుల కంటె ముందు జీతాల పట్టీలో ఉంటుంది. ఉద్యోగికి రక్ష తన దగ్గరున్న కాగితమే. 1668లో సభ ముందు, 1679లో చెరసాలలో ఆయనను కాపాడినవి జాగ్రత్త పెట్టుకున్న కాగితాలే. అంతటివారికే బాకీ తీరలేదంటే మనవంటివారు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి. పి.పి.ఓ. అసలు ప్రతి, సర్వీసు వివరాలు, నామినేషను కాగితాలు ఒకచోట పెట్టి, ఎక్కడున్నాయో ఇంట్లో ఆడవారికీ పిల్లలకూ ఈ రోజే చెప్పి ఉంచండి. సెలవు.