పురుగుల్ని తినే మొక్కల మేరీ

కుండీలో మొక్క కాస్త వాడితే చాలు, గుప్పెడు ఎరువు తెచ్చి వేస్తాం. అలా వేస్తే కోలుకోవడం మాట అటుంచి, చచ్చిపోయే మొక్కలు కూడా ఉన్నాయి. పురుగుల్ని పట్టి తినే మొక్కలవి. వాటిని ఇంట్లోనే పెంచి, పరిశీలించి, డార్విన్ అంతటివాడికే కొత్త సంగతులు చెప్పిన మహిళ మేరీ ట్రీట్.

1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది మేరీ. తండ్రి మత బోధకుడు. 1863లో డాక్టర్ జోసెఫ్ ట్రీట్‌ను పెళ్లాడింది. 1868లో ఇద్దరూ న్యూజెర్సీలోని వైన్‌ల్యాండ్‌కు కాపురం మార్చారు. ఆ ప్రాంతమంతా పైన్ అడవులు, చిత్తడి నేలలు. మట్టిలో ఇసుక ఎక్కువ, పులుపు ఎక్కువ. నీటికి కొదవలేదు గానీ సారం లేదు. చాలా పంటలకు పనికిరాని అలాంటి నేలలోనే సండ్యూ, బ్లాడర్‌వర్ట్ లాంటి మొక్కలు హాయిగా పెరుగుతాయి. మట్టిలో దొరకని నత్రజనిని పురుగుల నుంచి తీసుకుంటాయి.

మేరీ వాటిని ఇంటికి తెచ్చుకుంది. గంటల తరబడి కూర్చుని చూసింది, చూసిందల్లా రాసుకుంది. 1871లో ఇంగ్లాండులో ఉన్న డార్విన్‌కు ఉత్తరం రాసింది. ఆయన జవాబిచ్చాడు. అయిదేళ్లపాటు వాళ్ల మధ్య ఉత్తరాలు నడిచాయి. వీనస్ ఫ్లైట్రాప్ పట్టు ఏపాటిదో తెలుసుకోవాలని ఆమె తన వేలి కొననే ఆకులో పెట్టింది. అయిదు గంటలు ఉంచాలనుకుంది. రెండు గంటలైనా కాకముందే చెయ్యి నొప్పెట్టి తీసేసుకుంది!

1874లో భార్యాభర్తలు విడిపోయారు. చేతిలో ఉద్యోగం లేదు. మరి ఇల్లు గడిచేదెలా? మేరీ కలాన్నే నమ్ముకుంది. పురుగులు, పక్షులు, మొక్కల గురించి హార్పర్స్ లాంటి పత్రికలకు వ్యాసాలు రాసి బతికింది. 1882లో చీడపురుగుల మీద, 1885లో ఇంటి దగ్గరే చేసిన ప్రకృతి పరిశీలనల మీద పుస్తకాలు తెచ్చింది. 1875లో వచ్చిన డార్విన్ పుస్తకంలోనూ ఆమె పరిశీలనలకు చోటు దక్కింది. బ్లాడర్‌వర్ట్ తిత్తిలోకి పురుగులే తోసుకుని వెళతాయని ఆయన అనుకున్నాడు. కాదు, తిత్తే వాటిని లోపలికి లాక్కుంటుందని మేరీ వాదించింది. ఆమె మాటే నిజమని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

ఆమె ఆసక్తిగా చూసిన మొక్కల్లో బటర్‌వర్ట్ కూడా ఒకటి. ఆకులు వెన్న రాసినట్టు నిగనిగలాడతాయి. చిన్న చిన్న దోమలు వాటికి అతుక్కుపోతాయి. దీన్ని ఇప్పుడు కిటికీ పక్కన కుండీలో పెంచుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. మీకూ ఆ సరదా ఉంటే ముందు చూసుకోవాల్సింది మట్టినే. తోటమట్టి, పశువుల ఎరువు, వర్మీ కంపోస్టు ఏవీ వద్దు. అమెరికా చిత్తడి నేలల రకాలకైతే పీట్ మాస్ సగం, బాగా కడిగిన ముతక ఇసుక సగం కలిపితే సరి. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, అది పనికిరాదు. మెక్సికో రకాలకు మట్టి ఇంకా గుల్లగా ఉండాలి. పెర్లైట్, వర్మిక్యులైట్, ఇసుక ఎక్కువగా, పీట్ తక్కువగా కలపాలి. పీట్ మాస్ దొరక్క కొబ్బరి పొట్టు వాడితే, ఉప్పు పోయేదాకా నాలుగైదుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండాలి. పోసేది వాన నీళ్లో డిస్టిల్డ్ వాటరో అయ్యుండాలి. బోరునీళ్లు పోస్తే వాటిలోని లవణాలు కుండీలో పేరుకుని వేళ్లను దెబ్బతీస్తాయి.

92 ఏళ్లు బతికిన మేరీ 1923లో కన్నుమూసింది. ఓ చీమకూ, ఫ్లోరిడాలో పూసే ఓ తెల్లని లిల్లీకీ శాస్త్రవేత్తలు ఆమె పేరే పెట్టారు. పెద్ద ప్రయోగశాల ఏదీ లేకుండానే, ఇంట్లో పెంచుకున్న మొక్కల్ని ఓపిగ్గా గమనించి ఆమె సంపాదించుకున్న పేరది.